కంప్యూటరుకి అందని కొసరు

మా సహకార కొట్టు పుట్టింది కరివేపాకు మీద కోపంతో. రెండు రెమ్మల కరివేపాకు కావాలంటే వెర్రిబీ నుంచి మెల్‌బోర్న్ అవతలి చివరికి, డాండెనాంగ్ దాకా, కారేసుకుని పోవాలి. పోతే ఆ ఆదివారం పోయినట్టే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ చచ్చిపోతాయని ప్రపంచం వణుకుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని మావారికి ఒక బ్యాంకులో ఉద్యోగం దొరికింది, మాలాంటి కుటుంబాలు చాలా వచ్చి వెర్రిబీలో అద్దె ఇళ్ళలో దిగాయి. అక్కడే ఏళ్ళ తరబడి ఉంటున్న గుంటూరు డాక్టరు గారు ఒకరోజు అందరినీ పోగేసి, "ఇంతమందిమి ఉండి ఒక కొట్టు పెట్టుకోలేమా?" అన్నారు. ఇంటికో వాటా, ఇంటికో ఓటు. జీతాలు లేవు. వారానికొక రోజు ఇంటికొకరు కొట్లో కూర్చోవాలి. మగాళ్ళందరూ హుషారుగా పేర్లు రాయించారు. కూర్చున్నది మాత్రం మేము, ఆడవాళ్ళం.

నాది బుధవారం. దాని గురించి నేనేమీ ఏడవడం లేదు. కొట్టు రాకముందు నా సంగతి చెబితే మీరే నవ్వుతారు. నాకు కారు నడపడం రాదు, ఉద్యోగం లేదు. తెనాలిలో గుమ్మంలో నిలబడితే పదిమంది పలకరించే మనిషిని, ఇక్కడ వంటింటి కుళాయితో మాట్లాడేదాన్ని. అది సరిగ్గా కట్టెయ్యబడక కారుతుంటే తిట్టేదాన్ని కూడా.

కొట్టు కోసం మేము అద్దెకి తీసుకున్న గదిలో మాకంటే ముందు చేపలు వేయించి అమ్మేవారు. గోడలు ఎంత కడిగినా వాసన పోలేదు. శాకాహారులు కందిపప్పు ఇంటికి తీసుకెళ్ళి రెండుసార్లు కడుక్కునేవారు. సరుకు లెక్కల కోసం మావారు ప్రోగ్రాం రాశారు. కొట్టు ఆర్నెల్లు నిలుస్తుందో లేదో ఎవరికీ తెలీదు గానీ, తన ప్రోగ్రాం మాత్రం తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిదో సంవత్సరం దాకా పనిచేస్తుందని మురిసిపోయారు.

కొన్నాళ్ళకి ప్రోగ్రాం ఒకటి, బస్తాలు ఇంకొకటి చెప్పడం మొదలుపెట్టాయి. కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, అన్నీ తరుగే. మావారు ప్రోగ్రాంలో ఏదో తప్పు, బగ్, ఉందన్నారు. భోజనానికి కూర్చుని కూడా పెరుగన్నంలో వేలితో ఏవో గీతలు గీసేవారు. డాక్టరు గారు మాత్రం ఎలుకలేనన్నారు. బోను కొనుక్కొచ్చి బస్తాల వెనక పెట్టారు. దాన్లో పడింది ఆయన బొటనవేలే. తర్వాత త్రాసు మార్చారు. తరుగు తరుగులాగే ఉంది.

చివరికి మావారు ఒక బుధవారం సెలవు పెట్టి, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. మొదట వచ్చింది మా వీధిలోనే ఉండే తెల్లజుట్టు ఆస్ట్రేలియా ఆవిడ. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. సూపులోకని కిలో కందిపప్పు అడిగింది. తూచాను. పైన ఇంకో గుప్పెడు పోసి, రెండు పచ్చిమిరపకాయలు పడేశాను.

"ఆగాగు. అదేంటి?" అన్నారు మావారు.

"కొసరు."

"తూకం సరిపోయిందిగా?"

"సరిపోయాక వేసేదే కొసరు."

"అందరికీ వేస్తావా?"

"వెయ్యకపోతే ఏమనుకుంటారండీ?"

"మరి బిల్లులో ఎక్కించవేం?"

"కొసరుని బిల్లులో ఎక్కించిన మొహాన్ని నేనెక్కడా చూళ్ళేదు."

అప్పుడు ఆయన మొహం చూడాలి. ఇన్నాళ్ళూ వెతుకుతున్న బగ్ తన ఇంట్లోనే కాపురం చేస్తోందని తెలిసిన మొహం. నేనొక్కదాన్నే అయితే బాగుండేది. వారంలో ఏ రోజైనా అంతే. బుధవారం నేను ఒకావిడకి గుప్పెడు తగ్గిస్తే, శుక్రవారం ఆవిడ గల్లా దగ్గర కూర్చుని నాకు తగ్గిస్తుంది. అందుకని ఎవరం తగ్గించేవాళ్ళం కాదు, పోటీపడి పెంచేవాళ్ళం. ఆ తెల్లజుట్టు ఆవిడైతే మొదటిసారి నేనేదో పొరపాటు పడ్డాననుకుని ఆ గుప్పెడూ వెనక్కి తెచ్చింది. సంగతి తెలిశాక తన పెరట్లో కాసిన నిమ్మకాయలు పట్టుకొచ్చి, తనూ ఒక వాటా కొనుక్కుంది.

ఆదివారం మధ్యాహ్నం బియ్యం బస్తాల మధ్య మీటింగు పెట్టారు.

"కొసరు కింద పోయేదంతా నష్టమే. ఇది మనవల్ల అయ్యే పని కాదమ్మా," అన్నారు డాక్టరు గారు. "నెలాఖరుకి మూసేద్దాం."

"ఆ కొసరేదో ధరలోనే కలిపెయ్యండి అంకుల్," అన్నాను.

"ధరలో కలిపితే అది కొసరెలా అవుతుందండీ?" అన్నాడు ఒక ఇంజనీరు. "మన డబ్బు మనకే ఇచ్చినట్టు!"

ఇక చూడండి. డబ్బు తీసుకున్న కొసరు కొసరేనా కాదా అని బ్యాంకుల్ని కాపాడిన మేధావులందరూ టీలు చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. తెల్లజుట్టు ఆవిడ అర్థం అడిగితే మావారు, "ఫ్రీయే గానీ ఫ్రీ కాదు" అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో వదిలేశారు. చివరికి డాక్టరు గారు విసుగొచ్చి ఓటుకి పెడతానన్నారు.

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

"మీకందరికీ ఆఫీసులున్నాయి. పొద్దున వెళితే రాత్రిదాకా మనుషులే. ఈ కొట్టు రాకముందు నాకు ఏ వారమైనా ఒక్కటే. మీరు మూసేది మీకొక కొట్టేమో. నాకు మాత్రం ఊరంతా ఇదే."

అంత గట్టిగా అంటాననుకోలేదు. మావారు కంప్యూటరు కాగితాల్లోకి తల దించుకున్నారు. మా ఇంటి ఓటు ఆయన పేరునే ఉంది. మూసెయ్యాలన్న తీర్మానం రాసిందీ ఆయనే.

"మూయొద్దనేవాళ్ళు చేతులెత్తండి," అన్నారు డాక్టరు గారు.

మావారు చెయ్యి ఎత్తలేదు. లేచి, "మా ఇంటి ఓటు నాది కాదండీ," అన్నారు. "కొట్లో కూర్చునేది ఆవిడ. ఓటూ ఆవిడదే." మళ్ళీ కూర్చున్నారు.

నేను చెయ్యి ఎత్తాను. తెల్లజుట్టు ఆవిడ ఎత్తింది. అటుపక్క ఆడవాళ్ళు వాళ్ళ మొగుళ్ళ వంక ఒక్క చూపు చూసి, ఒకరి తర్వాత ఒకరు ఎత్తారు. మొగుళ్ళందరూ చేతులు కట్టుకున్నారు.

"సరే, కొట్టు ఉంటుంది. ఇక చేతులు దించండమ్మా," అన్నారు డాక్టరు గారు.

అందరూ దించారు. నాకు దించబుద్ధి కాలేదు. చెయ్యి అలాగే పైకి పెట్టుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.