పెద్దబాపు వేసిన ముడి

ఐదేళ్ల కిందటి మాట. ఆత్మకూర్ దగ్గర మా ఊళ్లో ఎవరు పోయినా పాడె కట్టేది మా పెద్దబాపే. ఇంకా కబురు అందకముందే వెదురు బొంగులతో వాకిట్లో ఉండేవాడు. పని కాగానే స్నానం చేసి మనుమరాలి దగ్గరికి పరుగెత్తేవాడు.

అలాంటి మనిషి తానే పోయాడు. ముప్పై ఏళ్లుగా అందరూ చూశారే గానీ ఒక్కరూ నేర్చుకోలేదని అప్పుడు తెలిసింది. ఊరంతా బొంగుల చుట్టూ చేరి, కూలిన విమానాన్ని చూసినట్టు చూస్తోంది.

"నాకొస్తది, జరుగుండ్రి" అంటూ దూకాను. గంటసేపు చెమటోడ్చి కట్టాను. నలుగురు ఖాళీ పాడె ఎత్తి చూడగానే అడ్డకర్రలన్నీ జారి నా పాదాల మీద పడ్డాయి.

"గిట్ల కడితే మా అన్న నడిమిట్లనే దిగి ఇంటికొస్తడు రా!" అన్నాడు చిన్నబాపు. ఏడ్చేవాళ్లూ నవ్వారు. సిగ్గుతో నేను చచ్చిపోయి ఉంటే ఇంకో పాడె కావలసి వచ్చేది.

అప్పుడు పెద్దమ్మ లేచి వచ్చింది. ఆడవాళ్లు ముట్టొద్దని ఎవరో అన్నారు.

"నా మొగుడు కింద పడితే నువ్వు పట్టుకుంటవా?" అని తాడు లాక్కుంది. రెండు చుట్లు, ఒక మెలిక, ఒక్క గుంజు. కర్ర కదల్లేదు.

"నీకెట్లొచ్చె పెద్దమ్మా?"

"మనుమరాలి ఊయలకు గిదే ముడి ఏసెటోడు. ఆయన లేనప్పుడు పిల్ల పడొద్దని నాకు నేర్పిండు."

పసిదాన్ని ఊపిన ముడితోనే ఊరందరినీ సాగనంపాడంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. నేనూ నేర్చుకున్నాను. అప్పటినుంచి ఊళ్లో ముసలోళ్లు నన్ను చూస్తే దగ్గు ఆపుకుంటున్నారు.