ఎడమ టైరు మీద గీత

మా షెడ్డు రేణిగుంట రోడ్డులో ఉంది. జీపులు, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు మాత్రమే చేస్తాం. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. మలుపులో ముందు చక్రం దగ్గర టక్ టక్‌మనే బండి వస్తే, హెడ్డు మేస్త్రీ దాన్ని వెనక ఖాళీ స్థలంలోకి తోలతాడు. స్టీరింగు పూర్తిగా తిప్పి రెండు చుట్లు అటు, రెండు చుట్లు ఇటు. దిగి, యాక్సిల్ చివర గుండ్ల మీద తిరిగే సీవీ జాయింటు ఏ వైపుది అరిగిందో ఆ టైరు మీద సుద్దముక్కతో గీత గీస్తాడు. గీత పడ్డాక ఓనరైనా నోరెత్తడు. ఆ చక్రమే విప్పాలి.

ఆ సుద్దముక్క మా మేస్త్రీ జేబులో ఉండేది. నాకు పని నేర్పింది ఆయనే, తిట్టీ కొట్టీ. ఆయనకు అరవై దాటాయి, చెవులు పోయాయి. గీత తప్పిన రోజు ఇంటికి పొమ్మంటానని ఓనరు ఎప్పుడో చెప్పేశాడు. ఆ వయసులో ఇంకో షెడ్డు ఆయన్ని గడప తొక్కనివ్వదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు గనక, చెవుల సంగతి నాకొక్కడికే తెలుసు. పరీక్షకు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. దిగగానే నా మొహం చూసేవాడు. నేను చెడిపోయిన చక్రం వైపు చూసేవాణ్ణి. ఆయన గీసేవాడు. ఏడాది పాటు ఇలాగే నడిచింది. దాని గురించి ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు.

అయినా తిట్లు మాత్రం ఆపలేదు మహానుభావుడు.

ఆ రోజు పొద్దున నేను వేరే బండి యాక్సిల్‌ను బల్లకున్న వైసు దవడల్లో బిగించి, జాయింటు ఊడగొడుతున్నాను. లోపలి రింగు మీద ఇత్తడి కడ్డీ ఆనించి ఒక్క దెబ్బ వెయ్యాలి. తొందరలో ఇనప సుత్తితో బయటి గిన్నె మీదే బాదాను. అది కదిలితేనా! మేస్త్రీ వచ్చి సుత్తి లాక్కున్నాడు. కడ్డీ పెట్టాడు, ఒక్కటి వేశాడు. జాయింటు ఆయన అరచేతిలోకి ఊడిపడింది.

"పదేండ్లు నేర్పినా గదరా, ఎనుమా! కుక్కకు నేర్పింటే ఈపాటికి బండి తోలుతా ఉండేది. పో, పోయి నీ పెండ్లాం గాజులేసుకోని ఇంట్లో కూచో పో!"

షెడ్డంతా నవ్వింది. చిత్తూరు నుంచి బండి తెచ్చిన మామిడితోట ఆసామి పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా చెవులు అరువిస్తే బతుకుతున్న మనిషికి ఇంత పొగరా అనుకున్నాను.

తర్వాత పరీక్షకు మేం ఎక్కింది ఆ ఆసామి బండే. ఎడమకు తిప్పగానే కుడి చక్రం దగ్గర టక్ టక్ టక్. చెవిటివాడికి తప్ప అందరికీ వినపడేంత గట్టిగా. దిగాం. ఆయన సుద్దముక్క తీసి నా మొహం చూశాడు.

నేను ఎడమ చక్రం వైపు చూశాను. తీరిగ్గా చూశాను.

ఆయన ఎడమ టైరు మీద గీత గీశాడు. ఆసామి చూస్తున్నాడని తానే విప్పడానికి కూర్చున్నాడు. చక్రం తీశాడు, హబ్బు నట్టు విప్పాడు, యాక్సిల్ బయటికి లాగి వైసులో బిగించాడు. జాయింటు మీది రబ్బరు బూటు కోసి గ్రీజు తుడిచాడు. అడిగిన పనిముట్టల్లా నేనే అందించాను, పెళ్లివారింట్లో వడ్డించినంత హుషారుగా. ఇత్తడి కడ్డీ, ఒక్క దెబ్బ, జాయింటు ఊడింది.

ఆరు గుండ్లూ తళతళలాడుతున్నాయి. ఒక్కదాని మీదా అరిగిన గుంట లేదు. ఆయన ఒక్కో గుండునూ బొటనవేలితో దొర్లించి చూశాడు. గుడ్డతో తుడిచి మళ్లీ చూశాడు. తర్వాత తలెత్తి నా మొహం చూశాడు.

నేను అప్పుడు కుడి చక్రం వైపు చూశాను.

ఓనరు వచ్చాడు. "ఏం మేస్త్రీ, బాగుండేదాన్ని ఇప్పినావా?"

ఆయన నా పేరు చెబుతాడని కాచుకుని ఉన్నాను. వాదించడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నా చెవులు పోయినాయి సామీ. ఏడాదయింది," అన్నాడు ఆయన. అంతే.

"రేపట్నుంచి రాబాకు," అన్నాడు ఓనరు, ఆసామి ముందరే. తర్వాత నా వైపు తిరిగి, "ఇంక నువ్వే సూసుకోప్పా," అన్నాడు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు సంతోషమే వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చింది ఇప్పటికీ పోలేదు.

మేస్త్రీ వెంటనే వెళ్లిపోలేదు. బాగున్న ఆ జాయింటుకు కొత్త గ్రీజు కూరి, కొత్త బూటు తొడిగి, యాక్సిల్ ఎక్కించి, నట్టు బిగించాడు. టైరు మీది గీతను తడిగుడ్డతో తుడిచాడు. కిరసనాయిలుతో చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చి, సుద్దముక్క నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"నువ్వు సూసిన దిక్కే గీసినానబ్బా," అన్నాడు మెల్లగా. "నేనేం తప్పు గీయలా."

ఆయన చొక్కా మార్చుకుని, క్యారియరు పట్టుకుని రోడ్డు మీదికి నడిచాడు. వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది, ఆయన పక్కకు జరగలేదు. లారీయే తప్పుకుని పోయింది.

"ఏమప్పా, బండి నిలిచిపోయిండాది!" అని ఆసామి కేక వేశాడు. నేను వెళ్లి కుడి టైరు మీద గీత గీశాను.