రెండుసార్లు చెప్పే అక్క

మా అక్క ఏదైనా చూసి చదివితే రెండుసార్లు చదువుతుంది. మందుసీసా మీది కాగితమైనా అంతే, గోడకు అంటించిన ప్రకటనైనా అంతే. ముప్ఫైనాలుగేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్న గొంతు అది. "దయచేసి వినండి. ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరి ఐదు నిమిషాల్లో బయలుదేరుతుంది" అని ఒకసారి చెప్పాక, ఊపిరి పీల్చుకుని, అదే ముక్క అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ చెప్పాలి. పరిగెత్తుకొచ్చేవాళ్ళకు మొదటిసారి సగమే వినిపిస్తుంది కదా. మా బావ ఆ బస్టాండులోనే డ్రైవరు. ఆవిడ గొంతు విని బస్సు తీసేవాడు, ఆ తర్వాత ఆ గొంతునే చేసుకున్నాడు.

రెండేళ్ళ కిందట అక్క స్థానంలో రికార్డు చేసిన గొంతు పెట్టారు. దానికి గొంతు నొప్పి రాదు, సెలవు అడగదు. అక్కకు ఒక శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపేశారు. నోరు తెరిస్తే ఆగని మనిషి ఇంట్లో ఒక మూల కుర్చీలో మూగనోము పట్టినట్టు కూర్చుంది. బావ నోట్లో నాలుక లేని మనిషి. పలకరించినా "ఊఁ" దాటడు. అక్కను ఆ కుర్చీలోంచి లేపి మా ఆదివారం గదికి లాక్కొచ్చింది నేనే. ఈ ఒక్క విషయంలో నా గొప్ప నేను చెప్పుకుంటాను.

మా గది కళ్ళద్దాల షాపు పైన ఉంది. నేను గడియారాలు బాగుచేస్తాను, నా దుకాణం ఆ పక్కనే. కళ్ళద్దాలాయన, నేను, లెక్కల టీచరమ్మ, అక్క, బావ, మేం ఐదుగురం ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడ చేరి, కిటికీలకు దుప్పట్లు కట్టి, పరాయిభాష సినిమాలు చూస్తాం. దానికో పద్ధతుంది. మూణ్ణెల్లకు ఒకరి వంతు. వాళ్ళకు కావలసిన ఏడాది వాళ్ళు కోరుకుంటారు. ఆ ఏడాది వచ్చిన సినిమాలు వెతికి తెచ్చి, పది చూసి, చివరి ఆదివారం వాటికి ఒకటి నుంచి పది దాకా స్థానాలు ఇస్తాం. మొదటి స్థానానికి పది మార్కులు, చివరిదానికి ఒకటి. కూడేది టీచరమ్మ. ఆ కూడిక మీద నోరెత్తే ధైర్యం ఇంకా ఎవరికీ పుట్టలేదు. సినిమాల అసలు పేర్లు మాకు నోరు తిరగవు కాబట్టి రొట్టెలబట్టీ సినిమా, పావురాల సినిమా అని మా పేర్లు మేమే పెట్టుకుంటాం.

ఇంకో పద్ధతి టీచరమ్మ పెట్టింది. "కిందొచ్చే అక్షరాలు చదువుతూ కూర్చుంటే మొహాలు ఎప్పుడు చూస్తామండీ?" అని, గోడ మీద బొమ్మ పడే చోట కింద బారెడు నల్లగుడ్డ కట్టించింది. బొమ్మ గోడ మీద, అక్షరాలు ఆ గుడ్డలో గల్లంతు. అవి కనిపించేది ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అక్కకు మాత్రమే. ఇంగ్లీషులో వచ్చినవి అప్పటికప్పుడు మన మాటల్లోకి మార్చి చెబుతుంది, ప్రతిదీ రెండుసార్లు. కళ్ళద్దాలాయన మాత్రం ప్రతి వారం గొణుగుతాడు. "ఒక్కసారి చాలమ్మా! బస్సు ఎక్కడికీ పోదు!" అక్క "సరేనన్నయ్యా" అంటుంది, మళ్ళీ రెండుసార్లే చదువుతుంది. ఆ కుర్చీలో కూర్చున్న రోజు అక్క నిటారుగా ఉంటుంది, ఇంటికెళ్ళాక కూడా పాడుకుంటుంది.

మూడో పద్ధతి నాది. మొదట్లో ఒక సినిమాలో ఎవడో పచ్చిబూతు తిడితే, అక్క "మీరు దయచేసి ఇక్కణ్ణించి వెళ్ళిపోండి" అని చదివింది. తిట్టినవాడి మొహం చూస్తే దయ ఎక్కడా కనిపించదు. నాకు ఒళ్ళు మండింది. నేను సంఘానికి కార్యదర్శిని, ఎవరూ ఎన్నుకోకపోయినా సరే. పుస్తకంలో రాశాను: "చదివే మనిషి లేని ముక్క ఒక్కటి కలిపినా కుర్చీ దిగాలి." అందరూ సంతకం పెట్టారు. బావ నిద్రలో పెట్టాడు. సినిమా మొదలైన పది నిమిషాలకు బావ కళ్ళు మూసేస్తాడు. అన్నిటికీ మొదటి స్థానమే ఇస్తానంటాడు.

ఈసారి వంతు అక్కది. తను ఉద్యోగంలో చేరిన ఎనభైతొమ్మిది కోరుకుంది. తొమ్మిది సినిమాలయ్యాక పదోదిగా కొండస్టేషను సినిమా వచ్చింది. కొండ మీద ఒక చిన్న రైల్వేస్టేషను, వారానికి రెండే రైళ్ళు. అక్కడి స్టేషను మాస్టరు ఒక వితంతువు ఇంట్లో పదేళ్ళుగా అద్దెకుంటాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఇద్దరూ పైకి అనరు. సగం సినిమాలో అతనికి బదిలీ కాగితం వస్తుంది. తర్వాత ఒక సీను ఉంది. ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చుని ఏడు నిమిషాలు మాట్లాడుకుంటారు. చివర అతను లేచి నిచ్చెన ఎక్కుతాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆవిడ కింద నుంచి పైకి చూస్తూ ఉంటుంది, టకటకమని చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.

ఆ సీను అక్క చదివిన తీరు ఏం చెప్పను! "మీరు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నా మాట వినేదెవరు? వినే మనిషి లేకపోతే మాట ఎక్కడికి పోతుంది?" అని ఆవిడ అడుగుతుంది. "నేను వెళ్ళే దారి పైనుంచి ఒకసారి చూసుకుంటాను" అని అతను నిచ్చెనెక్కుతాడు. కళ్ళద్దాలాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఆ టకటక చప్పుడు ఆవిడ గుండె చప్పుడని టీచరమ్మ మాకు విడమరచి చెప్పింది. నేను ఏడవలేదు. కంట్లో నలక పడింది, అంతే.

ఇక స్థానాలిచ్చే ఆదివారం వచ్చింది. రొట్టెలబట్టీ గొప్పదా, కొండస్టేషను గొప్పదా అని కొట్టుకుంటున్నాం. కళ్ళద్దాలాయన రొట్టెలబట్టీ పక్షం. ఇంతలో మెట్లెక్కి ఒక కొత్తమనిషి వచ్చాడు. కొత్త అద్దాలు తీసుకుపోవడానికి వచ్చి, షాపు మూసుంటే మా అరుపులు విని పైకి వచ్చాడట. ఓడల్లో వంటవాడిగా పదిహేనేళ్ళు తిరిగిన మనిషి. మేం దేనికి కొట్టుకుంటున్నామో విని, సినిమా ఏ దేశానిదని అడిగాడు. చెప్పాం.

"ఆ భాష నాకు బాగా వచ్చండీ! మా ఓడలో సగంమంది వాళ్ళే" అన్నాడు ఓడవంటాయన.

"అయితే మీరే తీర్పు చెప్పండి. ఆ బల్ల సీను ఒక్కటి చూడండి చాలు" అంది టీచరమ్మ.

అక్క గబుక్కున అంది, "ఇప్పుడెందుకులే అమ్మా, ప్రొజెక్టరు వేడెక్కిపోయింది."

"ఇంకా వెయ్యనేలేదుగా అక్కా, వేడెక్కడమేంటి?" అన్నాను. వేసేశాను. నా తొందరే నాకు శత్రువు.

సీను మొదలైంది. అక్క నోరు విప్పలేదు. ఓడవంటాయన ముందుకు వంగి విన్నాడు, విని ఫక్కున నవ్వాడు. మేమంతా కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధంగా ఉంటే ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"మీరేమో ఏడుపు సీనన్నారు. వాళ్ళు పైకప్పు కారుతోందని మాట్లాడుకుంటుంటేనూ!" అన్నాడు.

అందరం అక్క వైపు తిరిగాం. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. నేను లేచి వెళ్ళి ల్యాప్‌టాప్‌లోకి చూశాను. బొమ్మ ఉంది, కింద ఒక్క అక్షరం లేదు. బదిలీ కాగితం వచ్చిన చోటే అక్షరాలు ఆగిపోయాయి. చివరి నలభై నిమిషాలు అక్క ఖాళీ తెర చూస్తూ చదివింది. నల్లగుడ్డ కట్టుకుని కూర్చున్నందుకు మాకా సంగతే తెలియలేదు. ఇలాంటి బుద్ధి ఇంకెవరికైనా పుడుతుందా!

"ఆపేద్దామనే అనుకున్నానురా తమ్ముడూ" అంది అక్క. "మీరందరూ నోరు తెరుచుకుని వింటున్నారు. అంతమంది నా మాట కోసం అలా చూసి రెండేళ్ళయింది. ఆపబుద్ధి కాలేదు." లేచి నిలబడింది. "నియమం నువ్వే రాశావుగా. కుర్చీ దిగుతున్నాను."

నాకు పట్టరాని కోపం వచ్చింది. అబద్ధం చదివినందుకు కాదు. నాతో ఒక్క ముక్క చెప్పనందుకు. ఆ తర్వాత, వినే మనిషి లేకపోతే మాట ఎక్కడికి పోతుందన్నది ఎవరి మాటో అప్పటికి నా మట్టిబుర్రకు తట్టింది. కోపం ఎటు పోయిందో తెలియదు, సిగ్గేసింది. నియమం నాది, అక్కా నాదే. ఈ కుర్చీ దిగితే అక్క మళ్ళీ ఇంట్లో ఆ మూల కుర్చీలోకే పోతుంది.

అప్పుడు మూలనుంచి బావ మాట్లాడాడు. మేమంతా ఉలిక్కిపడ్డాం.

"నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు.

"నిద్రపోయావుగా బావా!"

"కళ్ళు మూసుకుంటే నిద్రేనా? మీ అక్క గొంతు వినడానికి నాకు కళ్ళతో పనేముంది?" అన్నాడు. "చూసి చదివితే రెండుసార్లు చెబుతుంది. ఆ రోజు బదిలీ కాగితం వచ్చిన దగ్గర్నుంచి అన్నీ ఒక్కసారే చెప్పింది. మనసులోంచి వచ్చేది తను ఎప్పుడూ ఒక్కసారే చెబుతుంది. నన్ను చేసుకుంటానని కూడా ఒక్కసారే చెప్పింది. ఆ రెండోసారి కోసం ఇప్పటికీ చూస్తున్నాను."

బావ అన్ని మాటలు ఒక్కచోట పేర్చడం నేను అదే చూడటం. కళ్ళద్దాలాయన నెత్తి కొట్టుకున్నాడు. "ప్రతి వారం ఒక్కసారి చాలని మొత్తుకునేవాణ్ణి, ఆవిడ ఒక్కసారే చెప్పిన రోజు గమనించలేదే!" అన్నాడు. ముందు టీచరమ్మ నవ్వింది, తర్వాత అక్క కూడా.

"అసలు వాళ్ళేమంటున్నారో వినకుండా మార్కులెలా వేస్తాం?" అంది టీచరమ్మ. ఓడవంటాయన్ని అక్క కుర్చీలో కూర్చోబెట్టి సీను మొదటి నుంచి వేశాం. పాపం, ఆయన వంట బాగా చేస్తాడేమో గానీ చెప్పడం రాదు. మూడు మాటలు మింగుతాడు, రెండు మాటలు ముందే చెప్పేస్తాడు. ఆవిడ మాటేదో అతని మాటేదో తెలియలేదు.

నేను పుస్తకం తీశాను. గొంతు సవరించుకుని, కార్యదర్శి హోదాలో ప్రకటించాను. "నియమం ప్రకారం అక్క కుర్చీ దిగింది. నియమం నెరవేరింది. స్టూలు మీద కూర్చోకూడదని నియమంలో ఎక్కడా లేదు." ఒక స్టూలు తెచ్చి ఆ కుర్చీ పక్కనే వేశాను. అక్క నావైపు చూసిన చూపు మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఓడవంటాయన అక్క చెవిలో చెప్పాడు. అక్క నిటారుగా కూర్చుని మాకు చెప్పింది.

"ఆ మూల పైకప్పు కారుతోంది. గిన్నె పెట్టాను." ఊపిరి పీల్చుకుంది. "ఆ మూల పైకప్పు కారుతోంది. గిన్నె పెట్టాను."

"ఎన్నాళ్ళుగా?" "ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళుగా." "మూడేళ్ళుగా."

"నాకు చెప్పలేదేం?" అని అతను రెండుసార్లు అడిగాడు. "మీరు అడగలేదు" అని ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఆ ఏడు నిమిషాల్లో బదిలీ మాట లేదు, ప్రేమ మాట లేదు. చివర అతను లేచి, "వానలొచ్చేలోపు నేను వెళ్ళిపోతాను. బాగుచేసి వెళ్తాను" అన్నాడు, "బాగుచేసి వెళ్తాను" అన్నాడు. నిచ్చెన ఎక్కాడు. టకటకమంటూ మేకులు దిగుతున్నాయి. ఆవిడ కింద నిలబడి పైకే చూస్తోంది.

"గుండె చప్పుడు కాదు, సుత్తి చప్పుడు" అంది టీచరమ్మ. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే అంది, "ఇదే బాగుంది. ఇదే ఎక్కువ ఏడిపిస్తోంది."

నవ్విన ఓడవంటాయన కూడా ముక్కు ఎగబీలుస్తున్నాడు. నాకు మళ్ళీ నలక పడింది. ఈసారి రెండు కళ్ళలోనూ.

మార్కులు వేశాం. ఓడవంటాయనకూ ఒక కాగితం ఇచ్చాం. ఒక్క సీను చూసినవాడికి ఓటేమిటని నేను అనబోయి, టీచరమ్మ మొహం చూసి మానుకున్నాను. రొట్టెలబట్టీ పక్షం వాడైన కళ్ళద్దాలాయన తన కాగితం చేత్తో మూసుకుని రాశాడు గానీ, కూడిక పూర్తయ్యేసరికి గుట్టు తెలిసిపోయింది. అందరూ ఒకే సినిమాకు పది వేశారు. ఫలితం చెప్పమని కాగితం అక్కకు ఇచ్చాను.

అక్క లేచి, పమిట సర్దుకుని, మైకు ముందున్నట్టే తల కాస్త వంచింది. "దయచేసి వినండి. ఎనభైతొమ్మిదో సంవత్సరానికి మొదటి స్థానం, కొండస్టేషను సినిమా."

ఊపిరి పీల్చుకుంది. మేమంతా కళ్ళద్దాలాయన వైపు చూశాం. ఆయన చేతులు కట్టుకుని, బుద్ధిగా, రెండోసారి కోసం ఎదురుచూస్తున్నాడు.