పరదేశి కాపలాదారుకూ అదే జీతం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, మామిడి కోతలకు ముందు, నన్ను నూజివీడులో సహాయ కార్మిక అధికారిగా వేశారు. శాఖలో అది చిన్న హోదాయే. కానీ కనీస వేతనాల చట్టం కింద ఏ తోటలోకైనా వెళ్ళి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు అధికారం ఆ హోదాకు ఉంది.

ముసునూరు దారిలో ఆశీర్వాదం గారి తోట ఉండేది. ఆయన మా చర్చి సంఘ పెద్ద. ప్రభువు బల్ల దగ్గర నాకు రొట్టె పళ్ళెం అందించే చేయి ఆయనదే. తోటకు కాపలా నేపాల్ నుంచి వచ్చిన టేక్ రాజ్. అందరూ ‘బహదూర్’ అనేవారు. అతని జీతం కనీస వేతనంలో సగం. అంత తక్కువకు చేయనన్నందుకే పాత కాపలాదారు, ముసునూరు ఏసుబాబు, పని పోగొట్టుకున్నాడు.

“వాడు మన దేశం వాడే కాదు, మన చట్టం వాడికెందుకండీ? రేపు ఖాట్మండు కూడా తనిఖీకి వెళ్తారా ఏంటి?” అని, తనిఖీలో నేను ఆ జీతం సంగతి అడిగినప్పుడు ఆశీర్వాదం గారు నవ్వారు.

పొరుగు దేశాల పద్ధతులు మాకు శిక్షణలో చెప్పారు. మనవాడు భూటాన్‌లో పని చేయాలంటే పర్మిట్ కావాలి. నేపాలీ గల్ఫ్‌కు వెళ్ళాలంటే వాళ్ళ ప్రభుత్వం అనుమతి, బీమా అడుగుతుంది. అదే మనిషి మన దేశం వస్తే, రెండు దేశాల ఒప్పందం వల్ల ఏ పర్మిటూ అక్కర్లేదు. తలుపు తీసే ఉంటుంది, లోపలికి వచ్చాక అతన్ని గురించి అడిగేవాడే ఉండడు. అయితే మన చట్టం ‘పనిచేసే వ్యక్తి’ అంటుంది గాని ‘పౌరుడు’ అనదు. పరదేశికీ స్వదేశికీ ఒకే న్యాయమని నేను సండే స్కూల్లోనే కంఠతా పట్టాను.

టేక్ రాజ్ మాత్రం చేతులు జోడించాడు. “కంప్లైంట్ వద్దు సార్. మీరు బండెక్కి వెళ్ళిపోతారు, నేనిక్కడే ఉండాలి.”

అతని భయం నిజమైనదే. ఉండే పాక కూడా తోటలోదే. పని పోతే గూడూ పోతుంది. కార్మికుడు నోరు విప్పకపోయినా ఇన్‌స్పెక్టరే స్వయంగా శాఖ విచారణాధికారి ముందు జీతం బకాయికి క్లెయిము వేయవచ్చు. మావాళ్ళు అరుదుగా వాడే ఆ అధికారాన్ని నేను వాడాను. నోటీసు సరిగ్గా కోతల మధ్యలో అందేలా చూశాను. ఆ రోజుల్లో తోట తెలిసిన కాపలాదారును ఎవరూ పంపేయరు.

ఆశీర్వాదం గారు ఇంటికే వచ్చారు. “విశ్వాసి మీద విశ్వాసి వ్యాజ్యానికి వెళ్ళకూడదు కదండీ. సంఘంలోనే తేల్చుకుందాం.”

వ్యాజ్యం నాది కాదనీ, టేక్ రాజ్‌కు మన సంఘంలో చోటు లేదనీ, అతని న్యాయం తేలే చోటు ఆఫీసేననీ చెప్పాను.

విచారణాధికారి జీతంలో తేడా మొత్తం కట్టమన్నారు. ఆశీర్వాదం గారు కట్టారు. ఆ ఏడాదంతా రొట్టె పళ్ళెం నా దగ్గరికి వేరే చేతుల మీదుగా వచ్చింది.

మరుసటి సీజనుకు తోటకు రెండో కాపలాదారు కావలసివచ్చి ఆశీర్వాదం గారు ఏసుబాబును పిలిచారు. చవక మనిషి దొరకనప్పుడు ఊరి మనిషి గుర్తొస్తాడు. ఇద్దరికీ ఒకే జీతం.

సరిహద్దు తెరవడం, మూయడం ఢిల్లీ పని. వచ్చినవాడి జీతం ఊరివాడి జీతాన్ని కిందికి లాగకుండా చూడడం తోట గేటు దగ్గర నిలబడే చిన్న ఉద్యోగి పని. నూజివీడులో ఆ పని నేను చేశాను.