చందమామకు విప్పిన చెప్పు

అబుందియో అంటే చర్చి పాత భాషలో సమృద్ధి అని అర్థం. ఆ పేరు పెట్టిన ముసలి ఫాదరుకి, ఈ పసివాడు పెద్దయ్యాక మూడు లైన్లు దాటి ఒక్క ముక్క రాయలేని మనిషి అవుతాడని తెలియదు పాపం. గిమరాస్ దీవిలో హినాబ్లాన్ ఊరివాళ్ళు ఆ పేరును కూడా కత్తిరించి బుందింగ్ అని పిలిచేవారు. దానికి అతనేమీ బాధపడలేదు. పేరైనా పద్యమైనా పొట్టిగా ఉంటేనే అతనికి ఇష్టం.

బుందింగ్ చేసే పని మామిడి పిందెలకు కాగితం చుట్టడం. ఆ దీవి మామిడి తిన్నవాడు ఇంకే మామిడీ తినలేడని అక్కడివాళ్ళ నమ్మకం. అంత గొప్ప పండు పురుగు పట్టకుండా పెరగాలంటే, చెట్టు మీదే ఒక్కొక్క పిందెకూ పాత న్యూస్‌పేపరు చొక్కా తొడగాలి. వెదురు నిచ్చెనెక్కి పేపరు చుట్టేవాడు దాన్ని చదవకూడదన్నది తోటలో చెప్పకనే తెలిసే మొదటి నియమం. పెళ్ళయిన కొత్తలో బుందింగ్ ఆ నియమం తప్పాడు. చుట్టబోతున్న పేజీలో, జపాన్ నుంచి వచ్చిన పద్య పద్ధతి అంటూ హైకూ గురించి చిన్న వ్యాసం ఉంది. మొదటి లైనులో అయిదు అక్షరాలు, రెండో దాంట్లో ఏడు, మూడో దాంట్లో మళ్ళీ అయిదు. అంతే, పద్యం అయిపోతుంది. అతను నిచ్చెన మీదే నిలబడి ఆ వ్యాసాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. ఆ కొమ్మ పళ్ళన్నిటినీ పురుగులే ఆరగించాయి. యజమాని తిట్టిన తిట్లు మాత్రం ఏ లెక్కకూ లొంగనంత పొడుగ్గా ఉన్నాయి.

ఆనాటి నుంచి అతని వేళ్ళు ఊరుకోలేదు. అన్నం తింటూ, పడవ కోసం ఎదురుచూస్తూ, ఆదివారం పూజలో మోకాళ్ళ మీద ఉండగా కూడా వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టేవాడు. అది చూసి ఫాదరు, జపమాల లేకుండానే జపం చేసే ఏకైక భక్తుడని ప్రసంగంలో మెచ్చుకున్నాడు. బుందింగ్ సిగ్గుతో తల దించుకున్నాడు. అది కూడా భక్తి లెక్కలోకే వెళ్ళింది.

ఇంట్లో మాత్రం ఇంత గౌరవం లేదు. అతని భార్య ప్రిస్కా చేపలు అమ్మేది. ఆమె రేవు దగ్గర "బంగడాలోయ్!" అంటే కొండవాలులో ఉన్న పిల్లులు లేచి కూర్చునేవి. మొదటి హైకూ విని ఆమె మూడో లైను తరవాత చాలాసేపు ఎదురుచూసింది.

"ఊఁ, తరవాత?"

"అంతే."

"అంతేనా? కూర సగం ఉడికాక దించేసినట్టుందే. నీకు మధ్యలో నిద్రొచ్చిందా, మాటలైపోయాయా?"

"చెప్పనిది వినేవాళ్ళు ఊహించుకోవాలి, ప్రిస్కా."

"నేను సగం చేపిచ్చి మిగతాది ఊహించుకోమంటే కొనేవాళ్ళు ఊరుకుంటారా?"

ఈ ప్రశ్నకు ఏ వ్యాసంలోనూ జవాబు లేదు. అయినా అతను రాస్తూనే ఉన్నాడు, ఆమె దెప్పుతూనే ఉంది, కాపురం సాగుతూనే ఉంది. ఒక్కతే కూతురు గ్లెండా. తండ్రి పద్యాలకు ఇంట్లో ఉన్న ఏకైక పాఠకురాలు. ఇలొయిలో పట్నంలో చదువు ముగించి వచ్చాక ఆమె చేతికి ఫోనొచ్చింది. తండ్రికి ఊరంతా పాఠకులయ్యారు. అసలు గొడవ అక్కడే మొదలైంది.

ఆ ఏడు ఊరికి రోడ్డు వచ్చింది. రోడ్డు కంటే ముందు బ్యానరు వచ్చింది. ఊరిపెద్దను అక్కడ కాపితాన్ అంటారు. కాపితాన్ నార్సిసో గుండ్రని మొహమూ, నున్నటి బట్టతలా బండిచక్రమంత సైజులో నవ్వుతుండగా, కింద "పూర్తయిన రోడ్డు, మీ కాపితాన్ కృషి" అని రాసి ఉంది. బ్యానరు చక్కగా పూర్తయింది. రోడ్డు చర్చి ఎదురుగా వచ్చేసరికి ఆయాసపడి ఆగి, పంది పొర్లేంత గుంతను వదిలి, అటుపక్క మళ్ళీ మొదలైంది. ఒక ఆదివారం కోడిపందేల నుంచి మోటారు సైకిలు మీద వస్తూ కాపితాన్ స్వయంగా ఆ గుంతలో పడ్డాడు. ఊరంతా చూసింది, మర్యాద కొద్దీ చూడనట్టు నటించింది. బుందింగ్ మాత్రం నిజంగానే చూడలేదు. ఆ సమయంలో అతను ఏ చీమల బారునో చూస్తూ ఉండి ఉంటాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాన వెలిసింది. ప్రార్థన ముగించుకుని, అన్నాల వేళకు ఇంటికి నడుస్తున్న బుందింగ్ గుంత దగ్గర ఆగిపోయాడు. నీళ్ళలో నిండు చంద్రుడున్నాడు. బురద చెప్పులతో ఆ పక్కనుంచి నడవడానికి అతనికి మనసొప్పలేదు. చెప్పులు విప్పి, గట్టు మీద పెట్టి, గుంత చుట్టూ వట్టి కాళ్ళతో మెల్లగా తిరిగి, పద్యం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చేశాడు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. పద్యం ఇది:

రోడ్డు గుంతలో
చందమామ పడింది
చెప్పు విప్పాను

గ్లెండాకు అది ఎంతో నచ్చింది. తెల్లవారి గుంత దగ్గరికి వెళ్ళి, గట్టు మీద తండ్రి చెప్పులతో సహా ఫోటో తీసి, పద్యం జోడించి ఫేస్‌బుక్‌లో పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో అక్షరాలు రాని ముసలమ్మలు కూడా ఆ పద్యాన్ని అప్పజెబుతున్నారు.

పొరుగింటి తెక్లా పరుగున వచ్చింది. "బుందింగన్నా! నీకింత ధైర్యం ఎప్పుడొచ్చింది? గుంతలో పడ్డ చందమామట! ఆ బట్టతలకి అంతకంటే సరైన మాట లేదు. పైగా చెప్పు విప్పావా! మా ఆయనైతే నవ్వలేక కుర్చీలోంచి జారాడు."

"ఏ బట్టతల?" అన్నాడు బుందింగ్.

"అబ్బ, ఏమీ ఎరగనట్టు!" అని తెక్లా అతని భుజం మీద ఒక్కటి చరిచి వెళ్ళిపోయింది.

మూడో రోజున ఊరి ఆఫీసు నుంచి కబురొచ్చింది. గ్లెండాకు బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రిగా నిలబడింది కాపితానే. అంచేత ఆ ఇద్దరూ ఒకరినొకరు 'పారే' అనీ, ప్రిస్కాను కాపితాన్ 'మారే' అనీ పిలిచే వరస. ఆ వరసను నమ్ముకుని బుందింగ్ వెళ్ళాడు, మొగుణ్ణి నమ్మక ప్రిస్కా వెంట వెళ్ళింది. బల్ల మీద, జాతీయ జెండా పక్కన, బుందింగ్ చెప్పుల జత ఉంది.

"ఇవి నీవేనా, పారే?"

"నావే. వెళ్ళి చూస్తే గట్టు మీద కనిపించలేదు. చాలా థాంక్స్."

"థాంక్సా! నీ కూతుర్ని ఈ చేతుల మీద ఎత్తుకున్నానే! నా మీదకి చెప్పు విప్పుతావా?"

"నీ మీదకి కాదు పారే, చందమామకి."

"చందమామకి ఎవడైనా చెప్పు విప్పుతాడా?"

"మరి గుళ్ళోకి వెళ్ళేముందు కొన్ని దేశాల్లో..."

"దేశాల సంగతి నాకొద్దు. పద్యంలో చందమామ ఎవరు? అది చెప్పు."

"చందమామే."

కాపితాన్ తన బట్టతల తుడుచుకుని, ప్రిస్కా వంక తిరిగాడు. "చూశావా మారే, ఎంత పొగరో? మళ్ళీ మళ్ళీ అదే మాట!"

ప్రిస్కా ఊరుకుంటే ప్రిస్కా కాదు. "పొగరేం కాదు. ఈ మనిషికి ఎవర్నైనా తిట్టాలంటే మూడు లైన్లు సరిపోతాయా? తిట్టేదాన్ని నేనున్నానుగా. అయినా ఆ గుంత పూడ్చేస్తే చందమామ ఎక్కడ పడుతుంది, చెప్పు ఎందుకు విప్పుతాడు? చెప్పులిలా ఇవ్వు."

ఆ వారం తిరక్కుండానే సిమెంటు వచ్చింది, గుంత పూడింది. ఏళ్ళ తరబడి అర్జీలకు కదలని సిమెంటు, కాపితాన్ బట్టతల కోసం పరుగెత్తుకుంటూ వచ్చింది. "కవుల కలలను నిజం చేసే కాపితాన్" అని కొత్త బ్యానరు కట్టారు. ఊరు సంబరపడింది. బుందింగ్ ఒక్కడే ఆ పూడిన చోట కాసేపు నిలబడి, నీళ్ళు లేని సిమెంటు వంక చూసి నిట్టూర్చాడు.

ఇక అతని గడప ఖాళీ లేదు. వీధి దీపం వెలగడం లేదని ఒకడు, బడి కప్పు కారుతోందని ఒకామె, పక్కింటి పంది తన చిలగడదుంపలు తవ్వేస్తోందని ఇంకొకడు. అందరిదీ ఒకే మాట: "ఒక్క మూడు లైన్లు పడేయ్ అన్నా, నీదేం పోయింది?" కొందరు కొబ్బరి కల్లు తెచ్చారు, ఒకతను బతికున్న కోడినే తెచ్చాడు. హైకూను సగం ఉడికిన కూర అన్న ప్రిస్కా, ఇప్పుడు వాకిట్లో బెంచీ వేసి, వచ్చినవాళ్ళను వరసలో కూర్చోబెట్టింది.

"అలా రాయడం రాదు నాకు," అని బుందింగ్ మొత్తుకున్నాడు.

"ఎందుకు రాదు? గుంత మీద రాలేదా? తెక్లా వాకిట్లో మురుగు కాలవ కంపు భరించలేకపోతున్నాం. దాని మీద రాయి."

పెళ్ళాం మాట కాదనలేక అతను మురుగు కాలవ గట్టున ముక్కు మూసుకుని ఒక పూటంతా కూర్చున్నాడు. కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు. ఈలోగా ఒక కొంగ వచ్చి వాలింది. కోపం కాస్తా ఎగిరిపోయింది.

మురుగు నీట
కొంగ తన ముఖమే
చూసుకుంటోంది

గ్లెండా అది కూడా ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. కాపితాన్ చదివి పొంగిపోయాడు. "కొంగ మొహం కనిపిస్తోందంటే ఆ నీళ్ళు అద్దంలా ఉన్నట్టేగా! ఇక శుభ్రం చేయాల్సిందేముంది?" అని ఆ పద్యాన్నే బ్యానరుగా వేయించి కాలవ మీద కట్టించాడు. ఆ బ్యానరు సగం జారి కాలవలో పడి, కదిలే ఆ కాస్త నీళ్ళనూ ఆపేసింది.

మర్నాటికి వాకిట్లో బెంచీ ఖాళీ. కోడి తెచ్చినతను వచ్చి కోడిని అడిగాడు. అది అప్పటికే పులుసయిపోయింది.

"కొంగేంటన్నా మధ్యలో? నిన్ను అడిగింది కంపు గురించి కదా!" అని తెక్లా వాకిట్లో నిలబడి అరిచింది.

 తెక్లా వెళ్ళాక ప్రిస్కా మొగుడి ముందు కూర్చుంది. అతను దెప్పుళ్ళకు సిద్ధపడ్డాడు.

"నీవల్ల కాదులే," అందామె మెల్లగా. "నువ్వు కొంగ వస్తే కొంగనే చూస్తావు. నాకు కాలవే కనిపిస్తుంది. ఈ పని నాది."

ఆ తరవాత వచ్చిన ఎన్నికల్లో ఆమె ఊరి సభకు సభ్యురాలిగా పోటీ చేసింది. బ్యానరు కట్టలేదు, పద్యం చదవలేదు. చేపలమ్మే గొంతుతోనే వీధి వీధీ తిరిగి, కాలవ గురించి, దీపం గురించి, కప్పు గురించి, ఆఖరికి పక్కింటి పంది గురించి కూడా అరిచింది. కాపితాన్ తన పదవికి చావుతప్పి గెలిచాడు, ప్రిస్కా మాత్రం అందరికంటే ఎక్కువ ఓట్లతో గెలిచి అతని బల్లకు ఎదురుగానే కూర్చుంది. మొదటి మీటింగులో ఆమె మాట్లాడటం మొదలుపెడితే, కాపితాన్ మూడుసార్లు గడియారం చూసి, నాలుగోసారి కాలవ తవ్వకానికి సంతకం పెట్టాడు.

ఆ రోజు బుందింగ్ కిటికీ బయట నిలబడి ఆమెనే చూశాడు. ఇంటికి వచ్చి, ఎండుచేప వేగుతుండగా, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఏదో రాశాడు. గ్లెండా ఫోను తీసింది.

"ఇది పెట్టొద్దమ్మా."

"ఎవరి మీద నాన్నా ఈసారి?"

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న ప్రిస్కాకు ఆ మాట వినపడింది. "మళ్ళీ ఎవరి మీద రాశావు? నేనిప్పుడు సభ్యురాలిని, నాకు తలవంపులు తేకు. ఇలా ఇవ్వు," అని కాగితం లాక్కుంది.

చేపల బుట్ట
దించినా ఆమె మెడ
నిటారుగానే

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. స్టవ్వు మీద ఎండుచేప మాడుతున్నా ఎవరూ లేవలేదు.

"ఇన్నేళ్ళ కాపురానికి మూడు లైన్లేనా?" అంది చివరికి. గొంతు పొద్దుటి నుంచీ అరిచి అరిచి బొంగురుపోయి ఉంది.

"చాలా ఉండేది," అన్నాడు బుందింగ్. "తీసేశాను."

ఆమె కాగితాన్ని మడిచి రవికలో దోపుకుని, మాడిన చేపను అతని కంచంలో వేసి, బాగున్న దాన్ని కూతురికి వేసింది.