చెప్పకుండా వచ్చేశాను

చావింటి నుంచి బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు. మా ఇళ్ళలో ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పెద్దవాళ్ళని చూసి మనమే నేర్చుకుంటాం. కాసేపు కూర్చుంటాం, మాట వస్తే మాట్లాడతాం, రాకపోతే ఊరుకుంటాం. ఆ తర్వాత లేచి, చెప్పులు వేసుకుని వచ్చేస్తాం. అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టం. ఇంటికొచ్చి తలస్నానం చేశాకే మిగతా పనులు. ఇలాంటి పని మీద మళ్ళీ ఆ గడప తొక్కే అవసరం రాకూడదని దీని వెనకున్న ఉద్దేశం. ఇన్నేళ్ళలో ఈ పద్ధతిలో నాకేమీ తప్పు కనపడలేదు. అదే పద్ధతి పాటించి, పోయిన మార్చిలో ముప్ఫై ఏళ్ళ స్నేహాన్ని దాదాపు పోగొట్టుకున్నాను.

పోయినాయన మా పక్కింటాయన. ఆయన పాటలు రాసేవారు. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లవారు, రిటైరయ్యాక కాదు, ఇంకా నడివయసులో ఉండగానే భార్యతో కలిసి ఆ ఊరి శివార్లలోని మా ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చేశారు. ఆయన రాసినవి సోల్ పాటలు. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతో మనిషిని పిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయవి. కుర్రతనంలో రాసినవి రెండు మూడు దేశమంతా మోగాయి. పాడినవాళ్ళని అందరూ ఎరుగుదురు. ఈయన పేరు మాత్రం రికార్డు మధ్యలో అంటించిన కాగితం మీద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. ఒకసారి సూపర్ మార్కెట్‌లో పెరుగు డబ్బాల దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. పైన స్పీకర్లలో ఆయన పాటే వస్తోంది. చుట్టూ పదిమంది బండ్లు తోసుకుంటూ దానితో కూనిరాగం తీస్తున్నారు, ఆ పాట రాసిన మనిషి తమ పక్కనే నిలబడి డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ చూసుకుంటున్నాడని ఒక్కరికీ తెలియదు. నాకు ఉక్రోషం వచ్చింది. ఆయన మాత్రం "డ్రమ్స్ మరీ ఎక్కువ పెట్టారు, అప్పుడే చెప్పాను" అని ముందుకు సాగిపోయారు.

నేను సంగీతం తెలిసినదాన్ని కాదు. కార్ల కంపెనీకి రంగులు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రంగు పూసిన రేకు ముక్కలు నా బల్ల మీదకి వచ్చేవి. బాగుంటే పంపేదాన్ని, లేకపోతే వెనక్కి కొట్టేదాన్ని, ఎంత పెద్ద మేనేజర్ వచ్చి బతిమాలినా సరే. ఆ పాడు అలవాటు మనుషుల దగ్గరా పోలేదు. వండిన కూర బాగాలేకపోతే బాగాలేదనే అంటాను, అందుకని నన్ను భోజనానికి పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. మా ఆయన దీన్ని ముక్కుసూటితనం అని మర్యాదగా అంటారు. మా అమ్మాయి అంత మర్యాద కూడా పెట్టుకోదు.

పక్కింటాయనకి మాత్రం ఈ గుణం తెగ నచ్చింది. వేసవిలో గరాజ్ తలుపు పైకెత్తి, చిన్న కీబోర్డు ముందు పెట్టుకుని రాసుకునేవారు. నేను పూలమొక్కలకి నీళ్ళు పోస్తూ కనబడితే కేకేసి ఒక లైను చదివేవారు. "ఈ మాట మనుషులు అంటారా?" అని అడిగేవారు. వంటింట్లో ఎవరో ఒకరు నిజంగా అనగలిగిన మాట ఒక్కటైనా లేకపోతే అది పాట కాదని ఆయన పట్టు. నాది అరువు తెచ్చుకున్న ఇంగ్లీషు కాబట్టి, అబద్ధపు మాట వెంటనే నా చెవిలో గుచ్చుకుంటుందని ఆయన నమ్మకం. ఒక ఏడు చలికాలం చివర్లో, నువ్వు లేక నా హృదయం గడ్డకట్టిందనే అర్థం వచ్చే లైను చదివారు. "ఎవరూ అనరండీ ఇలా. ఈ ఊళ్ళో పొద్దున్నే మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేది కారద్దం మీద మంచు గీకావా లేదా అనే," అన్నాను. ఆయన గరాజ్ తలుపు దించేసుకున్నారు. నొచ్చుకున్నారేమో అనుకుని ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను.

వారం తర్వాత పాట వినిపించారు. అందులో ఒక మగాడు రోజూ తెల్లవారకముందే లేచి భార్య కారు స్టార్ట్ చేసి వేడెక్కిస్తాడు, అద్దం మీద మంచు గీకుతాడు. ఆమె వెళ్ళాక తన కారు పని చూసుకుంటాడు. పాట మొత్తంలో ప్రేమ అన్న మాట లేదు. వింటుంటే నాకు కళ్ళు నిండాయి, సిగ్గుపడి లోపలికి వచ్చేశాను. ఆ పాట దేశం దాటి పోలేదు గానీ డెట్రాయిట్‌లో పెళ్ళిళ్ళలో ఇప్పటికీ పాడతారట. దాని సగం కాపీరైట్ నాదేనని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నన్ను ఏడిపించేవారు.

ఆయన పోయారని వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పింది. నాలుగే మాటలు మాట్లాడింది. శనివారం చర్చిలో అనీ, తప్పకుండా రమ్మనీ అంది. వీళ్ళు దాన్ని హోమ్‌గోయింగ్ అంటారు. మనిషి పోయాడనుకోరు, ఇంటికి చేరాడంటారు. నాకు అది వినడమే గానీ చూడ్డం అదే మొదటిసారి. నేను గంజిపెట్టిన తెల్లటి నేత చీర కట్టుకున్నాను. మా ఆయన బూడిదరంగు స్వెటర్ వేసుకున్నారు. చర్చి గుమ్మం దాటేసరికి లోపలంతా ఊదా, పసుపు, నారింజ, ఎర్ర టోపీలు. తెల్ల గ్లవ్స్ వేసుకున్న ఒక పెద్దావిడ నా చేతిలో విసనకర్ర, కాగితపు రుమాళ్ళు పెట్టి, భుజం పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

మొదటి అరగంటా నాకు నచ్చలేదు, నిజం చెప్పాలి కదా. డ్రమ్స్ ఏమిటి, చప్పట్లేమిటి, శవపేటిక ముందు నిలబడి జోకులేమిటి అనుకున్నాను. ఒకాయన లేచి, పోయినాయన ఎంత ఘోరంగా కారు నడిపేవారో చెబితే చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. మావాళ్ళలో మనిషి పోతే పన్నెండు రోజులు ఆయన గురించి తప్ప అన్నీ మాట్లాడుకుంటాం. పురోహితుడు దొరికాడా, అన్నయ్య ఫ్లైట్ ఎప్పుడు, ఎవరికి చెప్పడం మర్చిపోయాం. పోయినవాడు ఏ కూరకి అలిగేవాడో, ఎలా నవ్వేవాడో ఎవరైనా ఎత్తితే "ఊరుకో, ఇప్పుడెందుకు" అంటారు. ఇక్కడ మూడు గంటలు ఆయన్నే తలుచుకున్నారు. చివర్లో చర్చి పాటల బృందం లేచి ఆ మంచు గీకే పాట ఎత్తుకుంది. అందరూ నిలబడ్డారు. టోపీలవాళ్ళు, కర్రలవాళ్ళు, ముందు వరసలో ఆవిడ. వందల గొంతుల్లో ఆ పాట నా చెవిన పడుతుంటే, నా నోటిదురుసు ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేసిందనిపించింది. గట్టిగా ఏడ్చాను. అలా పదిమందిలో ఏడవడం నాకు జ్ఞాపకం ఉన్నంతలో అదే మొదటిసారి.

పాట అయ్యాక పాస్టర్ అందరినీ కింద హాల్లో భోజనానికి రమ్మన్నాడు. నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం.

"పద, ఇంక బయల్దేరదాం," అన్నారు మెల్లిగా.

"ఆవిడకి కనబడద్దూ?"

"కనబడి ఏం చెప్తావ్, వెళ్ళొస్తాననా? పద."

పక్క తలుపులోంచి పార్కింగ్‌లోకి వచ్చేశాం. ఇంటికొచ్చి గరాజ్‌లోంచే తిన్నగా స్నానాలకి పోయాం. చేయవలసినదంతా సక్రమంగా చేశామన్న తృప్తి కూడా కలిగింది నాకు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తర్వాత తొమ్మిది రోజులు ఆవిడ అలికిడి లేదు. చెత్త డబ్బా రోడ్డు మీద పెట్టేటప్పుడు నేను చెయ్యెత్తితే చూడనట్టు లోపలికి పోయింది. దుఃఖంలో ఉందిలే అనుకున్నాను. పదో రోజు కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. చిన్నప్పుడు స్కూలు బస్సు దిగి ఆ ఇంట్లోనే హోమ్‌వర్క్ చేసుకున్న పిల్ల అది.

"అమ్మా, నువ్వు జస్ట్ లీవ్ చేసేశావా? ఎవ్వరికీ చెప్పకుండా?"

"చెప్పకూడదు కదే."

"వాళ్ళకేం తెలుసు అది! ఆంటీ ఇప్పుడే నాతో మాట్లాడింది. షీ వాజ్ క్రయింగ్. ఫ్యామిలీ టేబుల్‌లో నీకు చెయిర్ పెట్టింది. నీ కోసం గ్రీన్ బీన్స్ మీట్ లేకుండా సెపరేట్‌గా కుక్ చేయించింది, అంత గ్రీఫ్‌లో కూడా. ఆ మంచు స్టోరీ నువ్వు చెప్తావని అందరికీ చెప్పి, మైక్‌లో నిన్ను పిలిచారంట. నువ్వు లేవు. 'మా తిండి ముట్టడం మీ అమ్మకి ఇష్టం లేదా' అని నన్ను అడిగింది. వాట్ డు ఐ సే, అమ్మా?"

నాకు తల కొట్టేసినట్టయింది. తెల్లవాళ్ళు, అప్పుడప్పుడు మనవాళ్ళు కూడా, ఆవిడ ఇంట తినకుండా తప్పించుకోవడానికి సాకులు వెతకడం ఆవిడ జీవితమంతా చూసింది. నేను ఆ జాబితాలో లేననుకుంది. మొగుణ్ణి సాగనంపిన రోజు, నిండు హాల్లో, ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని నన్నూ ఆ జాబితాలోకి చేర్చుకోవలసి వచ్చింది. ఇది అపార్థమే, కానీ అలా అర్థం చేసుకోవడానికి ఆవిడకి బోలెడంత కారణముంది.

కోటు తొడుక్కుంటుంటే మా ఆయన అడ్డొచ్చారు. "ఇవాళ మంగళవారం. పలకరింపుకి వెళ్ళే రోజేనా? రేపు వెళ్ళు."

"మీరూ మీ వారాలూ! చేసిన ఘనకార్యం చాలదా?" అన్నాను.

తలుపు తీసి ఆవిడ పక్కకి తప్పుకుంది, రమ్మనలేదు. నేనే వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. మా మాటలెప్పుడూ ఇంగ్లీషులోనే. చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. చావు జరిగినచోట మేం తినమని, అది మీ తిండి అని కాదు, మా అన్నగారింట్లో అయినా అంతేనని. వెళ్తున్నామని కూడా చెప్పకూడదని. చెబితే ఆ దుఃఖాన్ని మళ్ళీ రమ్మని పిలిచినట్టని. "అది తెలియకపోవడం నీ తప్పు కాదు. నీకు తెలియదని నాకు తట్టకపోవడం నా తప్పు. నన్ను క్షమించు," అన్నాను.

ఆవిడ బల్ల మీది గుడ్డ అంచు సర్దింది. తర్వాత లేచి ఫ్రీజర్‌లోంచి ఒక డబ్బా తీసింది. మూత మీద నా పేరు రాసుంది. మైక్రోవేవ్‌లో పెట్టి, అది తిరుగుతుంటే దాన్నే చూస్తూ అడిగింది.

"చెప్పకుండా వెళ్ళడం, అది ప్రేమ లేక కాదా?"

"కాదు."

"ఆస్పత్రిలో ఆ రోజు పొద్దున నేను కాఫీ కోసం కిందకి వెళ్ళాను. ఐదు నిమిషాలు. పైకొచ్చేసరికి వెళ్ళిపోయాడు. బతుకంతా మాటలు రాసిన మనిషి, నాకు ఒక్క మాట మిగల్చలేదు. చర్చిలో అందరూ ఏడుస్తూ పాడుతున్నారు చూశావా? నేను కోపంతో పాడాను. ఇప్పటికీ కోపంగానే ఉంది." నా వైపు తిరిగింది. "మీలో పోయేవాళ్ళకి కూడా ఇదే పద్ధతా?"

కాదు. మాలో పోయేవాళ్ళ మంచం చుట్టూ అందరూ ఉండాలి, నోట్లో తులసినీళ్ళు పోయాలి, ఆఖరి మాట వినాలి. ఆ సమయానికి అందుకోలేనివాళ్ళు బతికున్నంతకాలం దాన్ని తలుచుకుని కుమిలిపోతారు. అదీ నిజం.

"అవును," అన్నాను. "బాగా కావలసినవాళ్ళకి అసలు చెప్పరు. చెబితే కాళ్ళు కదలవు కదా."

ఆవిడ ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. చర్చిలో ఒక్క చుక్క రాల్చని మనిషి. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని వీపు నిమురుతూ ఉండిపోయాను. చెప్పిన అబద్ధానికి నాకు ఇసుమంత కూడా బాధ కలగలేదు.

తర్వాత ఇద్దరం ఆ బీన్స్ తిన్నాం. ఫ్రీజర్‌లో ఉండి మెత్తబడ్డాయి, ఉప్పు తక్కువ. ఆ మాటే అన్నాను. ఆవిడ ముక్కు చీదుకుంటూనే నవ్వి, ఉప్పు డబ్బా నా ముందుకి తోసింది.

నేను లేచి కోటు అందుకున్నాను. ఏం చెప్పాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడిపోయాను. ఆవిడ నన్ను చూసింది. చూసి, సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ, నేను వెళ్ళిపోయేదాకా నా వైపు వీపు పెట్టి నిలబడింది.