ఓపల్ వదిన కొవ్వు జాడీ

అమెరికాలోని ఒహాయోలో కుండల కార్ఖానాలు మూతపడ్డాక, వాటిలో తయారైన పాత కూజాలంటే లవర్న్‌కు పిచ్చి పట్టుకుంది. బట్టీలో మెరుగుపూత కారిపోయో, రంగు మారిపోయో వింతగా తేలినవైతే బతికున్నన్నాళ్లూ ఆవిడకు ప్రాణం. పనివాళ్లు అలాంటివి ఇంటికి తెచ్చుకుని తలుపులకు అడ్డం పెట్టేవారు. అందుకే ఎవరింటికి వెళ్లినా ఆవిడ చూపు ముందు మూలలకే పోయేది.

భర్త అక్క ఓపల్ ఇంట్లో, పొయ్యి పక్కన ఒక జాడీ ఉండేది. బేకన్ అనే పందిమాంసం ముక్కలు వేయించగా మిగిలిన కొవ్వు ఓపల్ అందులో పోసేది. దాని ఒంటినిండా తేనెరంగు ధారలు, మధ్యమధ్య బంగారు చారలు. అలాంటి పూత లవర్న్ ఎక్కడా చూడలేదు. ఓపల్ ముట్టుకోనిచ్చేది కాదు.

“ఇచ్చెయ్ వదినా, కొవ్వుకి రేకు డబ్బా కొనిపెడతా.”

“రేకు డబ్బాలో మా తమ్ముడికి భోజనం కట్టు. నీ బీరువాలో ఆ పచ్చ కూజా ఇస్తావా చెప్పు!”

లవర్న్ కూడబెట్టినవాటన్నిటిలోకీ మేలైనది ఆ పచ్చ కూజాయే. చివరికి గుండె రాయి చేసుకుని ఇచ్చేసింది. జాడీని ఇంటికి తెచ్చి వేడినీళ్లలో ముంచి తోమింది. ధారలూ చారలూ కరిగి నీళ్లలో కలిశాయి. అదంతా ఏళ్ల తరబడి కారి గట్టిపడ్డ కొవ్వు! కింద మిగిలింది ఉత్త గోధుమరంగు జాడీ.

తడి చేతులతోనే పరుగెత్తింది. ఓపల్ అప్పటికే పచ్చ కూజాలో కొవ్వు పోస్తోంది.

“నాలుగేళ్లు ఓపిక పట్టవే పిల్లా,” అంది, కారిన చుక్కను తుడవకుండా. “దీనికీ మంచి పూత వస్తుంది.”

లవర్న్ కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. పచ్చ కూజా మాత్రం మళ్లీ ఆవిడ బీరువా మొహం చూడలేదు.